విశాఖ వేసవికి సంచి సర్దేదెలా: ఎండ లెక్క వేరు, ఉక్క లెక్క వేరు

మే నెలలో పత్రికలో వచ్చే ఉష్ణోగ్రతల పట్టిక చూడండి. హైదరాబాద్‌కు ఎదురుగా 41, 42 ఉంటాయి. రామగుండం, ఖమ్మం ఇంకా పైన ఉంటాయి. విశాఖపట్నం దగ్గర 34 అనో 35 అనో ఉంటుంది. పిల్లలకు సెలవులు, బంధువుల పిలుపు, సముద్రం మీద మోజు అన్నీ కలిసొచ్చిన వేళ ఆ ఏడెనిమిది డిగ్రీల తేడా చూసి ‘అక్కడ హాయిగా ఉంటుంది’ అనుకుని బయలుదేరే కుటుంబాలు చాలానే ఉంటాయి. రైలు దిగి స్టేషన్ దాటేలోపే చొక్కా వీపుకు అంటుకుపోతుంది. సాయంత్రానికి తెచ్చిన బట్టల్లో మంచివన్నీ తడిసిపోతాయి. రాత్రి ఉతికి ఆరేసినవి తెల్లారినా చెమ్మగానే ఉంటాయి. రెండో రోజుకు పిల్లల మెడ మీద చెమటకాయలు, పెద్దల తొడల మధ్య ఒరిపిడి మొదలవుతాయి. పట్టికలోని 34 అబద్ధం కాదు. కాకపోతే సంచి సర్దడానికి అది సరైన అంకె కాదు.

తీరానికి వెళ్లేటప్పుడు చూడవలసింది గాలిలో ఎంత నీరుందన్న సంగతి. ఈ ఒక్క విషయం అర్థమైతే ఏ బట్ట పెట్టుకోవాలి, ఏ తువ్వాలు, ఏ చెప్పులు, ఏ మందు అన్న ప్రశ్నలన్నీ వాటంతట అవే విడిపోతాయి. అందుకే వస్తువుల జాబితా కంటే ముందు ఆ లెక్క చెబుతాను.

34 ఎందుకు 42 కన్నా ఇబ్బంది పెడుతుంది

శరీరం వేడిని వదిలించుకునే ప్రధాన మార్గం చెమట. అయితే చెమట పట్టినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు, పట్టిన చెమట ఆవిరైతేనే చల్లబడుతుంది. ఒక లీటరు చెమట చర్మం మీద పూర్తిగా ఆవిరైతే దాదాపు 580 కిలోకేలరీల వేడిని తనతో తీసుకుపోతుంది. అదే లీటరు బొట్లుబొట్లుగా కారి నేల మీద పడితే ఒంటికి ఒరిగేదేమీ లేదు. పోయేవి మాత్రం నీరూ, ఉప్పూ.

చెమట ఎంత త్వరగా ఆవిరవుతుందన్నది చుట్టూ ఉన్న గాలి అప్పటికే ఎంత ఆవిరిని మోస్తోందన్న దాని మీద ఆధారపడుతుంది. 42 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్న హైదరాబాద్ మధ్యాహ్నాన్ని తీసుకోండి. అక్కడి గాలిలో ఘనపు మీటరుకు దాదాపు 11 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. 34 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్న విశాఖ గాలిలో అది 26 గ్రాములు. తడిసిన చర్మం 35 డిగ్రీల దగ్గర ఉంటుంది కనుక దాన్ని అంటిపెట్టుకున్న పల్చటి గాలి పొరలో దాదాపు 40 గ్రాములు ఉంటాయి. ఈ 40కీ బయటి గాలికీ ఉన్న తేడాయే చెమటను లాగేస్తుంది. హైదరాబాద్‌లో ఆ తేడా 29 గ్రాములు, విశాఖలో 14. ఆరే వేగం సగానికి పడిపోయిందన్నమాట. ఇది మీ చర్మానికి ఎంత వర్తిస్తుందో, బాల్కనీలో ఆరేసిన చొక్కాకూ అంతే వర్తిస్తుంది.

బల్బుకు తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు ఈ తేడాను ఇంకా సూటిగా చూపిస్తుంది. గుడ్డలోని నీరు ఆవిరవుతూ బల్బును చల్లబరుస్తుంది కాబట్టి అది మామూలు థర్మామీటరు కన్నా తక్కువ చూపుతుంది. పైన చెప్పిన హైదరాబాద్ మధ్యాహ్నంలో అది 24 డిగ్రీల దగ్గర ఆగుతుంది. విశాఖలో 29 దగ్గరే నిలిచిపోతుంది. తడితో ఎంత ప్రయత్నించినా అంతకంటే కిందికి చల్లబరచడం సాధ్యం కాదు. మట్టికుండ నీళ్లు, ఎయిర్ కూలర్, మెడకు చుట్టుకున్న తడి తువ్వాలు, అన్నీ ఈ హద్దుకు లోబడినవే. తెలంగాణ ఇళ్లలో వేసవంతా గడగడలాడే కూలర్లు విశాఖలో పెద్దగా అక్కరకు రాకపోవడానికి కారణం ఇదే. బస వెతికేటప్పుడు ‘కూలర్ ఉంది’ అన్న మాటకు అక్కడ విలువ కట్టకండి. డబ్బు ఎక్కడైనా కాస్త ఎక్కువ పెట్టాలనుకుంటే ఏసీ గదికి పెట్టండి. దాని రెండో ప్రయోజనం గురించి తర్వాత చెబుతాను.

ఈ తేడాను భారత వాతావరణ శాఖ కూడా గుర్తించింది. వడగాలిని లెక్కగట్టడానికి మైదాన ప్రాంతాల్లో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు చేరాలి. తీర ప్రాంతాల్లో 37 చేరితే చాలు, దాంతోపాటు అది సాధారణం కన్నా 4.5 డిగ్రీలైనా ఎక్కువ ఉండాలి. తీరంలో మనిషి ముందే అలసిపోతాడన్న అనుభవం ఆ రెండు అంకెల మధ్య ఉంది.

ఇంత తేమ ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు జవాబు కళ్లెదుటే ఉంటుంది. మేలో బంగాళాఖాతం ఉపరితలం 30 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ వెచ్చటి నీటి మీదుగా వచ్చే గాలే ఊరంతా నిండుతుంది. రాత్రి కూడా ఆ గాలి పెద్దగా చల్లబడదు. లోపలి ఊళ్లలో చీకటి పడ్డాక డాబా మీద పడక వేస్తే దొరికే ఉపశమనం తీరంలో తెల్లవారుజాము దాకా ఎదురుచూసినా దొరకని రాత్రులు ఉంటాయి.

గాలి ఎటు నుంచి వీస్తోంది

విశాఖ వేసవిలో రోజంతా ఒకేలా ఉండదు. ఉదయం నేల త్వరగా వేడెక్కుతుంది, సముద్రం నెమ్మదిగా వేడెక్కుతుంది. నేల మీది వేడి గాలి పైకి లేస్తే ఆ ఖాళీలోకి సముద్రం మీది గాలి వస్తుంది. సాధారణంగా పొద్దున పదీ పదకొండు గంటల ప్రాంతంలో ఇది ఊపందుకుంటుంది. అందుకే ఎండ నడినెత్తికి వచ్చేసరికే ఉష్ణోగ్రత పెరగడం ఆగిపోతుంది. ఉక్క మాత్రం ఉంటుంది. బీచ్ రోడ్డులో ఒంటికి గాలి తగిలేచోట నిలబడితే ఫరవాలేదనిపిస్తుంది, రెండు వీధులు లోపలికి వెళ్లి భవనాల మధ్య నడిస్తే అదే వేళ ఊపిరాడదు.

కొన్ని రోజులు మాత్రం పడమటి గాలి బలంగా వీచి సముద్రపు గాలిని తీరం దగ్గరే ఆపేస్తుంది. అలాంటి రోజున విశాఖ కూడా 40 దాటుతుంది. అప్పుడు ఉక్క తగ్గి వడ పెరుగుతుంది. ఈ రెండు రకాల రోజులకూ కావలసిన జాగ్రత్తలు ఒకటి కావు. ఉక్క రోజున ఒంటికి గాలి తగలాలి. వడగాలి రోజున ఆ గాలి ఒంటికి తగలకూడదు, తలకూ చెవులకూ గుడ్డ చుట్టుకోవాలి, మధ్యాహ్నం బయటికి రాకూడదు. రెండింటికీ పనికొచ్చే వస్తువు పల్చటి నూలు కండువా ఒక్కటే. మనిషికి ఒకటి చొప్పున తప్పక పెట్టుకోండి. ఆంధ్రప్రదేశ్ విపత్తుల నిర్వహణ సంస్థ వేసవిలో మండలాలవారీగా వడగాలుల హెచ్చరికలు ఇస్తుంది. బయలుదేరే ముందురోజు గరిష్ఠ ఉష్ణోగ్రతతోపాటు గాలి దిశనూ, తేమ శాతాన్నీ చూసుకుంటే సంచిలో ఏది పైన ఉండాలో తెలిసిపోతుంది.

‘నూలు బట్టలు’ అంటే సరిపోదు

వేసవికి నూలు బట్టలే మంచివని అందరూ చెబుతారు. మాట నిజమే, కానీ తీరం విషయంలో అది సగమే చెబుతుంది. పత్తి నారకు నీటిని లోపలికి పీల్చుకునే గుణం ఉంది. మామూలు గాలిలోనే తన బరువులో 7, 8 శాతం తేమను పట్టి ఉంచుకుంటుంది. పాలిస్టర్ అర శాతం కూడా పట్టదు. పొడి వేడిలో పత్తి పీల్చిన చెమట వెంటనే ఆవిరై చల్లదనం ఇస్తుంది. ఉక్కలో మాత్రం పీల్చడం ఆగదు, ఆరడం ఆగిపోతుంది. మందపాటి నూలు బట్ట అలా తడిసి, బరువెక్కి, చర్మానికి అతుక్కుని గాలిని అడ్డుకుంటుంది. జీన్స్ ప్యాంటు కూడా అచ్చమైన నూలే కదా! మే నెల విశాఖలో అంతకంటే కష్టపెట్టే వస్త్రం లేదు. ఒకసారి ఉతికితే ఒకటిన్నర రోజైనా ఆరదు, సంచిలో అర కిలో పైగా బరువు ఆక్రమిస్తుంది. రైల్లో వేసుకువచ్చినది ఒక్కటి చాలు. అది కూడా వద్దనే నా సలహా.

అంటే చూడవలసినవి మూడు: నూలు కావాలి, నేత పల్చగా ఉండాలి, కుట్టు వదులుగా ఉండాలి. మూడింటిలో ఏది తప్పినా మిగతా రెండూ వృథా. ఒంటికీ బట్టకూ మధ్య సందు ఉంటే నడుస్తున్నప్పుడు అందులోని తడి గాలి బయటికి పోయి కొత్త గాలి లోపలికి వస్తుంది. మన పంచె, లుంగీ, వదులు కుర్తా, నేత చీర ఈ పని శతాబ్దాలుగా చేస్తున్నాయి. బట్టను దీపానికి అడ్డంగా పట్టి చూడండి. పోగుల మధ్య సన్నటి వెలుతురు కనిపిస్తే అది సంచిలోకి వెళ్లవచ్చు. మంగళగిరి నూలు చీరలు, తేలికపాటి ఖద్దరు చొక్కాలు ఈ పరీక్షకు నిలుస్తాయి. గంజి మాత్రం పెట్టకండి. గంజి పోగుల మధ్య సందులను పూడ్చేస్తుంది, చెమటకు మళ్లీ జిగటగా మారుతుంది.

ఖద్దరు మాట వచ్చింది కనుక ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. విశాఖకు ఉత్తరాన శ్రీకాకుళం జిల్లాలో పొందూరు ఉంది. అక్కడి సన్న ఖద్దరు తయారీలో పత్తిని శుభ్రం చేయడానికి ఇప్పటికీ వాలుగ చేప దవడ ఎముకను వాడతారు. ఎండబెట్టిన ఆ దవడలోని సన్నటి, దగ్గరదగ్గరి పళ్లతో ఆడవాళ్లు పత్తిని కొద్దికొద్దిగా దువ్వుతూ గింజ చుట్టూ ఉన్న నారలను ఒకే దిశకు తెస్తారు, చెత్తను విడదీస్తారు. ఆ తర్వాతే వడకడం. అంత సన్నగా వడికిన నూలుతో నేసిన బట్ట కట్టుకుంటే ఒంటి మీద బరువే తెలియదు. ఉక్క పోసే సీమలో పుట్టిన నేత అది. దొరికితే విశాఖలోనే ఒక జత కొనుక్కోవచ్చని సంచిలో కాస్త చోటు వదిలి వెళ్లండి.

రంగు గురించి కూడా తొందరపడి తీర్పు చెప్పకూడదు. తెలుపు ఎండను తిప్పికొడుతుంది, అయితే బాగా పల్చటి తెల్ల బట్ట అతినీలలోహిత కిరణాలను కొంత లోపలికి రానిస్తుంది. నేరుగా ఎండలో తిరిగేటప్పుడు లేత నీలం, గోధుమ, పసుపు రంగులు మేలు. బూడిద రంగు చొక్కాలు మాత్రం మానేయండి. చెమట మరకలు వాటి మీద కనిపించినంతగా మరి దేని మీదా కనిపించవు. పెళ్లికో పేరంటానికో వెళ్లేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

లోదుస్తులు ఎన్ని పెట్టుకుంటే అన్ని. ఇక్కడ పొదుపు పనికిరాదు. రోజుకు రెండు జతలు, పైన మరో రెండు. తొడల మధ్య, చంకల్లో, నడుము దగ్గర చెమ్మ నిలిచిపోతే తామర పట్టడానికి కొన్ని రోజులు చాలు. ఒరుసుకునేచోట పొద్దున్నే పెట్రోలియం జెల్లీ పల్చగా రాసుకుంటే నడక సుఖంగా ఉంటుంది. పౌడరు దండిగా చల్లితే చెమటకు తడిసి ముద్దకట్టి ఒరిపిడిని పెంచుతుంది. చెమటకాయలు లేచాక మందుల కోసం తిరగడం కన్నా, మధ్యాహ్నం ఒకసారి స్నానం చేసి పూర్తిగా తుడుచుకుని కొత్త బట్ట కట్టుకోవడం మేలు.

ఉప్పు, తువ్వాలు, ఏసీ గది

ఇంట్లో వాడే మందపాటి టర్కీ తువ్వాళ్లను విశాఖకు మోసుకెళ్లడం శుద్ధ దండగ. ఒకసారి తడిస్తే రెండు రోజులు కంపు కొడుతూ వేలాడతాయి. పాతకాలపు పల్చటి నేత తువ్వాళ్లు పిండగానే సగం ఆరతాయి. మిగతా సగం ఫ్యాను కింద గంటల్లో ఆరిపోతుంది.

సముద్రంలో తడిసిన బట్టల సంగతి ఇంకా చిక్కు. వాటిని మంచినీళ్లతో జాడించకుండా ఆరేస్తే పైకి ఆరినట్టే కనిపిస్తాయి, రాత్రికి మళ్లీ చెమ్మగిల్లుతాయి. ఇందులో వింతేమీ లేదు. తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు గాలిలోని నీటిని లాక్కుని తానే కరగడం మొదలుపెడుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం లవణాలు కూడా ఉంటాయి కనుక అంతకన్నా తక్కువ తేమలోనే తడి పీల్చుకుంటుంది. విశాఖలో ఉదయం, రాత్రి వేళల్లో తేమ ఆ హద్దుకు అటూ ఇటూగానే ఉంటుంది. ఉప్పు పట్టిన బట్ట ఎన్ని గంటలు ఆరేసినా పూర్తిగా పొడిబారదు. అదే ఉప్పు చెప్పుల బకిల్స్‌నూ, సంచి జిప్పులనూ, కళ్లజోడు మరలనూ తుప్పు పట్టిస్తుంది. రెండుసార్లు మంచినీళ్లలో జాడిస్తే ఈ సమస్యలన్నీ పోతాయి.

ఏసీ గది రెండో ప్రయోజనం ఇక్కడ. ఏసీ గాలిని చల్లబరిచేటప్పుడు అందులోని నీటిని కూడా పిండి బయటికి పంపుతుంది. వెనకాల గొట్టంలోంచి కారే నీరు అదే. కాబట్టి ఉతికిన బట్టలను బాల్కనీలో కన్నా రాత్రి ఏసీ గదిలో, ఫ్యాను గాలి తగిలేలా ఆరేస్తే తెల్లారేసరికి ఆరిపోతాయి. ఒక పది మీటర్ల నైలాన్ తాడు, పదిహేను క్లిప్పులు సంచిలో వేసుకుంటే మూడు జతల బట్టలు తగ్గించుకోవచ్చు. నా లెక్కలో ఐదు రోజుల ప్రయాణానికి మనిషికి నాలుగు జతలు చాలు, ఆ తాడు ఉంటే.

ఏసీ గదికి ఒక లోపం కూడా ఉంది. 22 డిగ్రీల గదిలోంచి ఫోనునో కెమెరానో నేరుగా బయటికి తీసుకొస్తే అద్దం మీద మంచు పట్టినట్టు మసక కమ్ముతుంది. బయటి గాలిలోని ఆవిరి ఆ చల్లటి అద్దాన్ని తాకి నీరుగా మారుతుంది. కళ్లజోడు తుడుచుకుంటే సరిపోతుంది. కెమెరాను మాత్రం సంచిలోంచి తీయకుండా ఇరవై నిమిషాలు బయటి వేడికి అలవాటు పడనివ్వాలి.

నీడ లేని మధ్యాహ్నం

విశాఖ 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలో ఒక మధ్యాహ్నం సూర్యుడు అక్కడ సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ పడదు. ఆ రోజుకు ముందూ వెనకా వారాల్లోనూ ఎండ దాదాపు అంత నిట్టనిలువుగానే పడుతుంది. పొడి ఇసుక అతినీలలోహిత కిరణాల్లో దాదాపు 15 శాతాన్ని తిరిగి పైకి విసురుతుంది, అలల నురుగు పాతిక శాతం దాకా. గాలి తగులుతుంది కనుక చర్మం మాడుతున్న సంగతి అప్పటికప్పుడు తెలియదు, రాత్రి స్నానం చేసేటప్పుడు తెలుస్తుంది.

సన్‌స్క్రీన్ కొనేవాళ్లు సీసా మీది అంకె చూస్తారు, రాసుకోవలసిన మోతాదు చూడరు. ఎస్‌పీఎఫ్ 30 ఉన్నది చర్మాన్ని ఎర్రబార్చే కిరణాల్లో 97 శాతాన్నీ, 50 ఉన్నది 98 శాతాన్నీ అడ్డుకుంటుంది. తేడా అంతే. కానీ ఆ లెక్క చర్మం మీద చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున రాసుకున్నప్పటిది. అలా రాస్తే పెద్దవారి ఒళ్లంతటికీ ఒక్కసారికే 30 మిల్లీలీటర్లు కావాలి. దాన్ని రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి, చెమటకు కారిపోతే ఇంకా ముందే. యాభై మిల్లీలీటర్ల ట్యూబు ఒకటి పెట్టుకుని నలుగురు ఐదు రోజులు వాడితే అది రాసుకున్నట్టే కాదు. కాబట్టి ట్యూబును ముఖానికీ, మెడకూ, చెవులకూ, పాదాల పైభాగానికీ ఉంచుకుని, మిగతా ఒంటిని పొడుగు చేతుల పల్చటి బట్టతోనూ గొడుగుతోనూ కాపాడుకోవడం తెలివైన పని. గొడుగు నల్లదైనా సరే, వెడల్పుగా ఉండాలి. మే సాయంత్రాల్లో హఠాత్తుగా వచ్చే గాలివానకూ అదే అక్కరకొస్తుంది. ప్లాస్టిక్ రెయిన్‌కోటు వేసుకుంటే లోపల చెమటతో అంతకన్నా ఎక్కువ తడుస్తారు. పిడుగులు పడుతుంటే మాత్రం గొడుగు మడిచి పక్కా భవనంలోకి వెళ్లిపోవాలి.

మే తుపానుల నెల కూడా అని మరచిపోవద్దు. 2010 మేలో లైలా బాపట్ల దగ్గర తీరం దాటింది, 2022 మేలో అసాని ఆంధ్ర తీరాన్ని తడిపింది. అల్పపీడనం వార్త వస్తే అదనపు బట్టల కన్నా వారం మందులు, పవర్ బ్యాంకు, టార్చి, కాస్త నగదు ముఖ్యం.

మందుల సంచి

చెమటతో నీరు, సోడియం రెండూ పోతాయి. దాహం తీర్చుకోవడానికి కొబ్బరిబోండాలు, తాటిముంజెలు, ఉప్పేసిన మజ్జిగ విశాఖలో ఏ మూలకు వెళ్లినా దొరుకుతాయి, వాటిని మోసుకెళ్లనక్కరలేదు. తీసుకెళ్లవలసినవి ఓఆర్ఎస్ పొట్లాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైన పెద్ద పొట్లంలో 20.5 గ్రాముల పొడి ఉంటుంది, దాన్ని సరిగ్గా ఒక లీటరు నీటిలో కలపాలి. గ్లాసు నీళ్లలో సగం పొట్లం గుమ్మరించి పిల్లలకు తాగించడం ప్రమాదం, ఉప్పు మితిమీరుతుంది. ఓఆర్ఎస్ అన్న పేరు తగిలించుకుని దుకాణాల్లో తీపి పానీయాలు ఏళ్ల తరబడి అమ్ముడుపోయాయి. హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ వాటి మీద పట్టు వదలకుండా పోరాడారు. చివరకు 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆ పేరు వాడకాన్ని నిషేధించింది. అయినా కొనేటప్పుడు పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రమని రాసి ఉందో లేదో చూసుకోండి. విరేచనాలు పట్టుకున్న పసిబిడ్డకు ఆ తేడా ప్రాణం మీదికి తెస్తుంది.

ఇన్సులిన్ వాడేవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. నీటిలో నానబెడితే చల్లగా ఉంచే సంచులు అమ్ముతారు. అవి పొడి ఊళ్లలో చక్కగా పనిచేస్తాయి. మీరు ఈపాటికి గ్రహించే ఉంటారు, విశాఖ గాలిలో అవి 29, 30 డిగ్రీల కన్నా కిందికి దించలేవు. వాడకంలో ఉన్న ఇన్సులిన్ చాలా రకాలను 30 డిగ్రీల లోపు ఉంచాలి, కొన్నింటిని 25 లోపు. కాబట్టి జెల్ ఐస్‌ప్యాక్ ఉన్న చిన్న పెట్టె పెట్టుకోండి. సీసా మంచును నేరుగా తాకకుండా గుడ్డ చుట్టండి, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. మూత్రం ఎక్కువ పోయేలా చేసే రక్తపోటు మాత్రలు వాడేవాళ్లు, గుండె, మూత్రపిండాల జబ్బులున్నవాళ్లు ఎన్ని నీళ్లు తాగవచ్చో, ఓఆర్ఎస్ తాగవచ్చో లేదో బయలుదేరే ముందే వైద్యుణ్ని అడగాలి. శరీరం ఉక్కకు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఐదు రోజుల ప్రయాణంలో ఆ అలవాటు రాదు, ‘అక్కడివాళ్లు తిరగడం లేదా’ అన్న వాదన చెల్లదు.

విసనకర్ర పెట్టుకోండి. తాటాకుదైనా, బ్యాటరీతో తిరిగేదైనా సరే. చర్మాన్ని అంటిపెట్టుకున్న తడి గాలి పొరను అది చెదరగొడుతుంది. 42 డిగ్రీల చోట విసురుకున్న గాలి వేడిని కూడా మోసుకొస్తుంది. 34 డిగ్రీల గాలి చర్మం కన్నా చల్లనిది కనుక విశాఖలో విసురుకున్నంతా లాభమే.

నీళ్లలోకి దిగే బట్ట

ఇంతవరకూ నూలును వెనకేసుకొచ్చాను. సముద్రంలో దిగడానికి మాత్రం నూలు వద్దు. తడిసిన చీర, చున్నీ, జీన్స్ కాళ్లకు చుట్టుకుంటాయి, అల వెనక్కి లాగేటప్పుడు మనిషిని నిలవనివ్వవు. రామకృష్ణా బీచ్‌లో తీరం కొన్నిచోట్ల ఉన్నట్టుండి లోతవుతుంది. నీరు ఒక పాయగా చేరి లోపలికి లాక్కుపోయే ప్రవాహాలు ఏర్పడతాయి. యారాడ కూడా చూడటానికి ఎంత అందమో దిగడానికి అంత ప్రమాదం. పొడుగు చేతుల నైలాన్ బనీను, మోకాళ్ల దాకా వచ్చే పాలిస్టర్ నిక్కరు ఒంటికి చుట్టుకోవు, నీటిని పట్టి ఉంచవు, అరగంటలో ఆరతాయి, ఎండ నుంచి కూడా కాపాడతాయి. ఆడవాళ్లకూ పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. సిగ్గుకో మర్యాదకో చీరతో దిగడం కన్నా ఒడ్డున కూర్చుని మురీ మిక్చర్ తింటూ చూడటం ఎంతో మేలు.

గాలి ఊదే రబ్బరు రింగులు ఇంటి నుంచి తేవద్దు. అవి ఈత కొలనులో ఆటవస్తువులు. సముద్రంలో మనిషిని తేల్చుతూనే లోపలికి తీసుకుపోతాయి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ తీరప్రాంతాలకు అలల ఉధృతిపై ముందస్తు సమాచారం ఇస్తుంది. ఎర్రజెండా పాతిన చోట, లైఫ్‌గార్డు వద్దన్న చోట ఆగిపోవాలి. ఒకవేళ ప్రవాహం లాగుతుంటే ఒడ్డు వైపు ఎదురీదకుండా, తీరానికి సమాంతరంగా పక్కకు ఈది ఆ పాయ దాటాక వెనక్కి రావాలి.

తోలు చెప్పులు, కొత్త బూట్లు ఇంట్లోనే ఉంచండి. వెనక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు బీచ్‌కూ వానకూ పనికొస్తాయి. పన్నెండు గంటల ఇసుక మీద పిల్లలు వట్టి కాళ్లతో పరుగెత్తకుండా చూసుకోవాలి.

అరకు కూడా కలుపుకునేవాళ్లు ఉన్ని దుస్తులు సర్దుకోవడం చూస్తుంటాను. అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంటుంది, అక్కడ మేలో పగలు వెచ్చగానే ఉంటుంది, రాత్రికి పల్చటి శాలువా చాలు. బొర్రా గుహల్లో నేల తడిగా, జారుడుగా ఉంటుంది కనుక అడుగున పట్టున్న చెప్పులు అక్కడ ముఖ్యం. అక్షయ తృతీయ నాడు సింహాచలం చందనోత్సవానికి వెళ్లేవాళ్లు పల్చటి పంచె, నేత చీర, మనిషికో లీటరు నీళ్లు, విసనకర్ర తప్ప ఇంకేమీ మోయకుండా వెళ్లాలి. స్వామి నిజరూపం ఏడాదికి ఆ ఒక్కరోజే దర్శనమిస్తుంది కనుక వరుస గంటల తరబడి కదలదు.

తిరుగు ప్రయాణంలో సంచి సర్దడం గురించి ఎవరూ ఆలోచించరు. సికింద్రాబాద్‌కు రాత్రి రైల్లో దాదాపు పన్నెండు గంటలు పడుతుంది. చెమ్మ బట్టలను ప్లాస్టిక్ కవరులో బిగించి పెట్టెలో పెడితే ఆ పన్నెండు గంటల్లోనే కంపు పడతాయి, ఇంటికొచ్చాక కూడా అలాగే వదిలేస్తే నల్లటి బూజు చుక్కలు లేస్తాయి. నూలు మీద ఆ చుక్కలు ఏ సబ్బుకూ పోవు. చివరి రోజు ఉదయం తర్వాత బట్టలు ఉతకవద్దు, సముద్రంలో దిగవద్దు. తప్పక తడిసినవి ఉంటే గట్టిగా పిండి, పొడి తువ్వాలులో చుట్టి మెలిపెట్టి, గుడ్డ సంచిలో వదులుగా వేసి బెర్తు కొక్కేనికి తగిలించండి. ఇంటికి చేరిన పొద్దునే, కాఫీ కన్నా ముందు, వాటిని విప్పి ఎండలో పడేయండి. హైదరాబాద్ ఎండకు గంటలో ఆరిపోతాయి.